కొలువు కొండ మీద, సర్వరు కడలి ఒడ్డున

2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. పది వారాలు గడిచాయో లేదో, మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఆఫీసు కంప్యూటర్లు ఆఫీసుల్లోనే తాళం వెనక ఉండిపోయాయి. మార్కుల జాబితాలు, జీతాల బిల్లులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఎవరి కోసమూ ఆగవు. విశ్వవిద్యాలయాల్లో చాలామంది ఉద్యోగులు ఇంట్లో ఏది దొరికితే దానితోనే పని మొదలుపెట్టారు. పిల్లల చదువుకని కొన్న డెస్క్‌టాప్, గడువు తీరిన విండోస్, ఇంటిల్లిపాదికీ తెలిసిన ఒకే పాస్‌వర్డ్.

విజయనగరం దగ్గర కొండకరకంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయం పాత పీజీ ప్రాంగణంలో 2019లో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి అప్పటికి తొలి విద్యాసంవత్సరం కూడా పూర్తికాలేదు. సొంత భవనం లేదు. ఏ మన్యం బిడ్డల కోసం అది పుట్టిందో, ఆ పిల్లలు అరకు, పాడేరు, పార్వతీపురం కొండల్లోని ఊళ్లకు వెళ్లిపోయారు. బోధన, అడ్మిషన్లు, పరీక్షలు అన్నీ ఫోను తెర మీదికి వచ్చిపడ్డాయి.

అయితే తూర్పు కనుమల్లో దూరపు కొలువు మహమ్మారితో వచ్చినది కాదు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చింతపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. దాని ప్రధాన కార్యాలయం గుంటూరు పక్కన లాంలో. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చింతపల్లిలోనూ, రంపచోడవరం దగ్గరి పందిరిమామిడిలోనూ పరిశోధన స్థానాలున్నాయి. దాని ప్రధాన కార్యాలయం తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో.  రాజ్‌మా, వలిసెలు, పసుపు, మిరియాల మీద పనిచేసే ఈ స్థానాల ఉద్యోగులు కొలువులో చేరిన రోజు నుంచీ దూరం నుంచే ప్రధాన కార్యాలయంతో పని నడుపుతున్నారు. విశ్వవిద్యాలయం తన మనుషుల్ని ఎంతవరకు సిద్ధం చేసిందో చూడాలంటే వీళ్ల బల్ల దగ్గరికే వెళ్లాలి. లైను బాగున్న రోజున ఎవరికైనా పని జరుగుతుంది. లైను పోయిన రోజున కూడా పని చేతిలో మిగిలిందా అన్నదే ఇక్కడ కొలత.

పాత పాఠాలు

1973లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జాక్ నిల్స్ దూరపు కొలువు మీద మొదటి ప్రయోగం చేశాడు. ఒక బీమా సంస్థ ఉద్యోగుల్ని నగరం నడిబొడ్డుకు రప్పించకుండా వాళ్ల ఇళ్లకు దగ్గర్లోని చిన్న కార్యాలయాల్లో కూర్చోబెట్టి పని చేయించాడు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ ప్రయోగంలో ఉద్యోగి ఇంట్లో కూర్చోలేదు. ఇంటికి దగ్గర్లో కరెంటు, లైను, బల్ల, కుర్చీ సరిగా ఉన్న చోట కూర్చున్నాడు. మన్యానికి ఈ పద్ధతి ఎంత అవసరమో ముందు ముందు తెలుస్తుంది.

ఇక మన గడ్డ మీద జరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయి. నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అరకు కొండల మీద కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు నేలకూలాయి. కింద సర్వరూ పైన టవరూ ఒకే గాలికి మూగబోతాయని ఆ తుపాను చూపించింది. ఒకే గదిలో ఉన్న ఒకే కంప్యూటర్ మీద విశ్వవిద్యాలయపు జ్ఞాపకమంతా పెట్టకూడదన్న పాఠం కొవిడ్ కంటే ఐదేళ్లకు పైగా ముందే మన ఇంటికి వచ్చింది.

లైను సంగతి

కొండల్లో లైను మెరుగుపడింది. ఆ మాట ముందు ఒప్పుకోవాలి. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగిన ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. 2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, మహారాష్ట్రల్లోని ఆకాంక్షిత జిల్లాల్లో మొబైల్ సిగ్నల్ లేని 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వాలని నిర్ణయించింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి 100 జియో టవర్లు మొదలయ్యాయి. వాటిలో అత్యధికం పాడేరు కేంద్రంగా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లావే.

టవరు నిలబడ్డంత మాత్రాన పని సాగుతుందని కాదు. టవరుకు కరెంటు కావాలి, కరెంటు పోతే డీజిలు కావాలి. వానాకాలంలో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడితే డీజిలు బండి పైకి రాదు. స్తంభాల మీద నడిచే ఫైబర్, చెట్టు కొమ్మ పడితే, స్తంభంతోపాటే ఒరిగిపోతుంది. అందుకే ఉద్యోగికి రెండు సిమ్‌లు ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. ఆ రెండు కంపెనీలూ ఆ ఊళ్లో ఒకే టవరు ఎక్కి ఉంటే అవి కలిసే పోతాయి. ఉద్యోగి ఉండే చోటికి వెళ్లి, ఏ సిమ్ ఏ టవరు నుంచి అందుతోందో చూసి, ఒకటి ఫైబర్ మీద, ఒకటి వేరే టవరు మీద ఉండేలా ఎంచుకోవాలి.

రెండో సంగతి డేటా. వీడియోతో సాగే సమావేశానికి రెండువైపులా కలిపి గంటకు దాదాపు 1 జీబీ ఖర్చవుతుంది. మాట మాత్రమే అయితే సెకనుకు 80 కిలోబిట్లు చాలు. గంటకు 36 ఎంబీ అన్నమాట. రోజుకు జీబీన్నర, 2 జీబీ ప్యాక్ మీద బతికే హాట్‌స్పాట్‌కు ఈ తేడా చాలా పెద్దది. కొండ మీది సభ్యులున్న సమావేశంలో వీడియో తప్పనిసరి అని విశ్వవిద్యాలయం పట్టుబట్టకూడదు. కాగితాలు ముందు రోజు రాత్రే పంపాలి, మామూలు ఫోను నుంచి కూడా సమావేశంలో కలిసే ఏర్పాటు ఉండాలి. విండోస్‌లో ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’గా గుర్తు పెడితే పెద్ద అప్‌డేట్లు చాలావరకు వాటంతటవే దిగవు. ఒక్క క్లిక్కుతో అయ్యే ఈ పని చెయ్యక, సమావేశం మధ్యలో నెట్ అయిపోయి అవస్థపడేవాళ్లున్నారు.

కరెంటు లెక్క

యంత్రం ఎంపికలో మొదట అడగాల్సిన ప్రశ్న ప్రాసెసర్ గురించి కాదు. కరెంటు పోతే ఎంతసేపు నిలుస్తుంది? బజారులో దొరికే మామూలు 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అంటే 84 వాట్ అవర్లు. డెస్క్‌టాప్, మానిటర్ కలిసి 120 వాట్లు లాగితే, మార్పిడిలో పోయే నష్టం కూడా తీసేస్తే అరగంట కూడా రాదు. 50 వాట్ అవర్ల బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ సగటున 15 వాట్లు తీసుకుంటూ మూడు గంటలు పనిచేస్తుంది. రౌటర్‌కు 10 వాట్లు చాలు. ఇంట్లో 150 ఆంపియర్ అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే ల్యాప్‌టాప్, రౌటర్, ఒక ఎల్‌ఈడీ దీపం పగలంతా నడుస్తాయి. మైదానంలో డెస్క్‌టాప్ చవక కావచ్చు. మన్యంలో అది కరెంటుతోపాటు ఆరిపోయే యంత్రం.

పిడుగు మరో భయం. ఫైబర్ గాజు పోగు కాబట్టి దాని గుండా విద్యుత్తు రాదు. కరెంటు తీగ, రాగి టెలిఫోను తీగ, మేడ మీది యాంటెనా నుంచి వచ్చే కేబులు మాత్రం మెరుపును నేరుగా బల్ల మీదికి తెస్తాయి. రాతినేలలో ఎర్తింగ్ సరిగా అందదు. ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలంలో నీళ్లు పోసి చూసుకోవాల్సిందే. మంచి సర్జ్ ప్రొటెక్టర్ కొని ఎర్తింగ్ లేని ప్లగ్గులో పెడితే ప్రయోజనం లేదు. ఉరుము వినిపించగానే ప్లగ్గు తీసి బ్యాటరీ మీద పని చేసుకోవడం అన్నిటికంటే గట్టి రక్ష. అది కూడా ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకే కుదురుతుంది.

ఘాట్ ఎక్కేముందు

అరకు నుంచి విశాఖకు 110 కిలోమీటర్లకు పైన. కంపెనీ సర్వీసు సెంటరు కావాలంటే కిందికి దిగాలి, కంప్యూటర్ విభాగం మనిషి కావాలంటే ఆయన పైకి ఎక్కాలి. కాబట్టి ఒక ల్యాప్‌టాప్‌కు చెయ్యాల్సిన పనంతా అది ఘాట్ ఎక్కకముందే, లైను పుష్కలంగా ఉన్న ప్రధాన కార్యాలయంలోనే జరగాలి. ఆ ఒక్క యంత్రం వెంట నడిస్తే సమస్య మొత్తం అర్థమవుతుంది.

ముందు విండోస్ వయసు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆపైదో ఉండాలి. అంతకంటే పాత యంత్రాల్ని పారెయ్యాల్సిన పని లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌తోనో, మరో లినక్స్‌తోనో ఉత్తరాలు రాయడానికి, పట్టికలు నింపడానికి ఇంకొన్నేళ్లు వాడుకోవచ్చు.

తర్వాత డిస్కుకు తాళం. బస్సులో, జీపులో ప్రయాణించే యంత్రం ఏదో రోజు పోవచ్చు. బిట్‌లాకర్ పూర్తి సౌకర్యం విండోస్ ప్రోలో ఉంటుంది కాబట్టి కొనేటప్పుడే ప్రో అని అడగాలి. బయోస్ అప్‌డేట్ లాంటిది జరిగినప్పుడు బిట్‌లాకర్ ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా నమోదై ఉంటే, నెట్ లేకపోయినా మామూలు ఫోన్ కాల్‌లో అంకెలు ఒక్కొక్కటిగా చదివి చెప్పొచ్చు. ఎక్కడా రాసిపెట్టకపోతే ఆ డిస్కులోని ఏళ్ల పని ఇక దొరకదు.

మూడోది, ఉద్యోగి స్వయంగా వచ్చి ఆఫీసు నెట్‌వర్క్ మీద కనీసం ఒక్కసారి తన పేరుతో లాగిన్ కావాలి. డొమైన్‌కు కట్టిన విండోస్ ఆ వివరాలు దాచుకుని, ఆ తర్వాతే నెట్ లేని చోట లోపలికి రానిస్తుంది. ఈ ఒక్క అడుగు మరిచిపోతే చింతపల్లిలో పెట్టె తెరిచిన ఉద్యోగికి కొత్త ల్యాప్‌టాప్ తొలి తెర దగ్గరే ఆగిపోతుంది. పాస్‌వర్డ్ గడువు తీరే తేదీ, చందా మీద నడిచే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ నెలకోసారైనా నెట్ తాకాలన్న నిబంధన కూడా ముందే చూసుకోవాలి. లిబ్రేఆఫీస్ పక్కన పెట్టుకుంటే ఆ బెంగ ఉండదు.

ఇక తెలుగు. మన విశ్వవిద్యాలయాల్లో, ప్రెస్సుల్లో తెలుగు కాగితాలు ఏళ్లపాటు అను ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే ప్రశ్నపత్రం అర్థంలేని గుర్తుల గుట్టగా కనిపిస్తుంది. కాగితాల్ని యూనికోడ్‌లోకి మార్చడం, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టడం కూడా సన్నద్ధతలో భాగమే. సవర భాష మీద పనిచేసేవాళ్లకు మంగై గొమాంగో 1936లో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి కావాలి. 2012లో అది యూనికోడ్‌లో చేరింది కానీ దాని ఫాంటు ప్రతి యంత్రంలోనూ సరిగా పనిచేస్తుందని నమ్మలేం. విడిగా పెట్టి, తెరిచి చూసి పంపాలి.

బిల్లుల విభాగం వాళ్లకు డిజిటల్ సంతకపు యూఎస్‌బీ టోకెన్, దాని డ్రైవరు ఉండాలి. చివరగా ఒక పరీక్ష. ల్యాప్‌టాప్ చేతికిచ్చే ముందు ఆఫీసులోనే వైఫై ఆపేసి, ఉద్యోగి చేత ఒక పూట పూర్తి పని చేయించాలి. ఆ పూటలో ఎక్కడ ఆగిపోతే అక్కడ సరిచెయ్యడానికి కంప్యూటర్ విభాగం మనిషి పక్కనే ఉంటాడు.

తాళాలు, తాళంచెవులు

2019 డిసెంబరు 23న నెదర్లాండ్స్‌లోని మాస్‌ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో 267 విండోస్ సర్వర్లకు దుండగులు తాళం వేశారు. వాళ్లు లోపలికి వచ్చిన దారి అక్టోబరులో విశ్వవిద్యాలయంలో తెరిచిన మోసపు ఈమెయిల్. కొన్ని బ్యాకప్‌లు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో అవీ పోయాయి. విశ్వవిద్యాలయం 30 బిట్‌కాయిన్లు చెల్లించింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఇలాగే మూతపడి, రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. గిరిజన విద్యార్థుల కులధ్రువీకరణలు, బ్యాంకు ఖాతాలు, ఆధార్ వివరాలు ఉద్యోగుల ల్యాప్‌టాప్‌ల్లో తిరుగుతున్నప్పుడు ఈ సంఘటనలు మనకు దూరపువి కావు. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లోపు తమకు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది. సిగ్నల్ లేని చోట ఉన్న ఉద్యోగి ఆ 6 గంటల్లో ఎవరికి, ఏ నంబరుకు చెప్పాలో ల్యాప్‌టాప్ మూత మీద అంటించి ఉండాలి.

రెండో తాళంచెవిగా అంతటా వాడేది ఎస్సెమ్మెస్ ఓటీపీ. కొండల్లో అది తరచూ ఆలస్యంగా వస్తుంది, వచ్చేసరికి గడువు తీరిపోతుంది. దీనికి మంచి విరుగుడు ఉంది. ఫోనులోని ఆథెంటికేటర్ యాప్ ఒక రహస్య సంఖ్యనీ, గడియారాన్నీ కలిపి 30 సెకన్లకోసారి కొత్త కోడ్ తయారు చేస్తుంది. దానికి సిగ్నల్ అక్కర్లేదు, ఫోనులో సమయం సరిగా ఉంటే చాలు. ఫోను పోయినా ఇబ్బంది పడకుండా కొన్ని అత్యవసర కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో దాచుకోవాలి. మన్యంలో పనిచేసే ప్రతి ఉద్యోగినీ ఎస్సెమ్మెస్ నుంచి ఈ పద్ధతికి మార్చడానికి అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు.

ప్రధాన కార్యాలయంలోని కంప్యూటర్‌ను దూరం నుంచి తెరమీదికి తెచ్చుకుని పనిచేసే పద్ధతి మైదానంలో సుఖం. కొండ మీద ప్రతి క్లిక్కూ లైను మీద ఆధారపడుతుంది కాబట్టి అది నరకం. పైగా ఆ రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచితే దొంగలు తలుపు తట్టడం ఆపరు. వీపీఎన్ వెనక పెట్టాలి. లైను మాటిమాటికీ తెగే చోట, వైఫై నుంచి మొబైల్‌కు మారినా నిలబడే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ నయం. అసలు పని మాత్రం ల్యాప్‌టాప్‌లోనే జరిగి, లైను వచ్చినప్పుడు సర్వరుతో సరిపోల్చుకునేలా ఉండాలి.

పరిశోధకులు ఈ పద్ధతిలో ముందున్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఓపెన్ డేటా కిట్‌తో పొలంలోనే ఫోనులో వివరాలు, ఫోటోలు, జీపీఎస్ నమోదు చేసి, సిగ్నల్ దొరికినప్పుడు పంపొచ్చు. గ్రంథాలయానికి కూడా దారి ఏర్పడింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్ని కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే ఇన్‌ఫెడ్ లాగిన్ వ్యవస్థ ద్వారా, అందులో చేరిన సంస్థల ఉద్యోగులు ప్రాంగణం బయట నుంచే పత్రికల్లోకి లాగిన్ కావచ్చు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం 6,000 కోట్ల రూపాయలతో దాదాపు 13,000 పత్రికల్ని ప్రభుత్వ సంస్థలకు తెరిచింది. ప్రాంగణంలో ఉన్నప్పుడే లాగిన్ తీసుకుని, ఇంటి నుంచి ఒకసారి ప్రయత్నించి చూస్తేనే అది కొండ మీద పనికొస్తుంది.

ఖర్చు ఎవరిది

ఇవన్నీ తెలిసిన విషయాలే అయినా అమలు దగ్గర తేలిపోతున్నాయంటే కారణం డబ్బు కంటే డబ్బు పంపిణీ. కేంద్ర మంత్రిత్వ శాఖల అధికారులకు 1.3 లక్షల రూపాయల దాకా విలువైన ల్యాప్‌టాప్, టాబ్లెట్ లాంటివి ఇవ్వొచ్చని, నాలుగేళ్ల తర్వాత వాళ్లే ఉంచుకోవచ్చని, అయితే అందులోని సమాచారం తుడిచాకే ఇవ్వాలని 2023 జూలైలో ఆర్థిక శాఖ ఉత్తర్వు ఇచ్చింది. పద్ధతి మంచిది, కానీ అది పై హోదాల కోసం. మన్యంలో డేటా నమోదు చేసేది ఒప్పంద ఉద్యోగి, ప్రాజెక్టు సహాయకుడు, క్షేత్ర సిబ్బంది. వాళ్లు తమ సొంత ఫోను, సొంత రీచార్జ్ వాడుతున్నారు. విశ్వవిద్యాలయపు సమాచారం ఎవరి యంత్రంలో ఉంటే వాళ్లకు విశ్వవిద్యాలయమే యంత్రం, డేటా ఖర్చు ఇవ్వాలి. ఇది దయతో ఇచ్చేది కాదు, భద్రతకు మొదటి మెట్టు.

రెండోది, తిరిగే యంత్రాలు. ఉద్యోగి ల్యాప్‌టాప్ పాడైతే మరమ్మతుకు కిందికి వెళ్లి రావడానికి వారాలు పడుతుంది. ప్రతి పరిశోధన స్థానంలో ముందే సిద్ధంచేసిన ఒక ఖాళీ ల్యాప్‌టాప్, రెండు ఛార్జర్లు, ఒక రౌటరు, తేమ తగలకుండా సిలికా జెల్ వేసిన పెట్టెలో ఉండాలి. పాడైనది కిందికి పంపి, సిద్ధంగా ఉన్నది తీసుకుని అదే రోజు పని సాగించాలి.

మూడోది, నిల్స్ చేసి చూపించిన చిన్న కార్యాలయం. ఒక్క గదిలో కాపురం, పక్కన పిల్లల చదువు, పొయ్యి దగ్గర పని ఉన్న మహిళా ఉద్యోగికి ఇంటి నుంచి పని అంటే రెండు కొలువులు ఒకేసారి. చింతపల్లి, పందిరిమామిడి స్థానాలు, అరకు, పాడేరు డిగ్రీ కళాశాలలు ఇప్పటికే ప్రభుత్వ భవనాలు. వాటిలో ఒక్కో గదికి ఇన్వర్టరు, ఫైబరు, గట్టి ఎర్తింగ్, ప్రింటరు, స్కానరు ఏర్పాటు చేసి, ఏ విశ్వవిద్యాలయపు ఉద్యోగి అయినా వచ్చి కూర్చునే వీలు కల్పిస్తే ఇంటింటికీ విడివిడిగా పెట్టే ఖర్చు బాగా తగ్గుతుంది. వ్యవసాయ, ఉద్యాన, గిరిజన, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు నాలుగూ కలిసి కూర్చుని ఒక ఒప్పందం రాసుకోవాలి. ఇప్పుడు ఎవరి ల్యాప్‌టాప్ వారిది, ఎవరి లైను వారిది.

గిరిజన విశ్వవిద్యాలయ శాశ్వత ప్రాంగణానికి మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లోని చినమేడపల్లి, మర్రివలస దగ్గర 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగింది. కొత్త ప్రాంగణపు సర్వరు గదికి ఇచ్చే శ్రద్ధలో కొంత భాగం కొండ మీది ఉద్యోగి బల్లకు కూడా దక్కాలి. దానికి పెద్ద పథకం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఏటా నైరుతి వానలకు ముందు, మే నెలలో ఒక రోజు ఎంచుకుని, కొండల్లోని సిబ్బంది అందరూ లైను తీసేసి పని చెయ్యాలి. ఏ కాగితం తెరుచుకోలేదో, ఎవరి బ్యాటరీ గంటలోపే పోయిందో, ఎవరికి కోడ్ రాలేదో ఆ సాయంత్రమే రాసుకోవాలి. ఆ జాబితాకు సరిపడా నిధుల్ని, ఒప్పంద ఉద్యోగుల పేర్లు కూడా కలిపి, రిజిస్ట్రార్లు జూన్ మొదటి వానలోపు మంజూరు చెయ్యాలి.